బీచ్‌లో పిల్లలు తవ్వే గొయ్యి: ఎంత లోతు దాకా ఊరుకోవచ్చు?

ప్రశ్న: సంక్రాంతి సెలవులకి అందరం కలిసి సూర్యలంక వెళ్తున్నాం. మా బాబుకి తొమ్మిదేళ్లు. కిందటిసారి మా అక్క పిల్లలతో కలిసి ఛాతీలోతు గొయ్యి తవ్వి అందులో దిగి కూర్చున్నాడు. నాకు టెన్షన్ వచ్చి బయటికి రమ్మని అరిచాను. మా వారేమో "ఇసుకే కదా, మెత్తగా ఉంటుంది, నీళ్లలోకి పోవడం కంటే నయం" అన్నారు. నాది అనవసరమైన భయమా?

జవాబు:

అమ్మా, మీది అనవసరమైన భయం కాదు. అలాగని మీ వారి మీద కోపం తెచ్చుకోకండి, ఆయన అన్నమాటే చాలామంది అంటారు. ఇసుకతోనే బతికిన నేను కూడా ఒక దెబ్బ తగిలేదాకా దాన్ని తేలిగ్గానే తీసుకున్నాను.

నేను సివిల్ ఇంజనీర్ని. ముప్పై ఏళ్లకి పైగా మంచినీటి పైపులైన్లు, డ్రైనేజీ కాలవలు, పునాదులు తవ్వించాను. అందులో సగానికి పైగా కోస్తా ఇసుక నేలల్లోనే. పుట్టి పెరిగింది చీరాల దగ్గర, రాత్రిపూట సముద్రం హోరు వినపడే ఊళ్లో. కాబట్టి కాస్త పెద్ద జవాబే రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు దొరువు గురించి చెప్పాలి. బాపట్ల, చీరాల వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. తీరం వెంబడి ఇసుక నేలల్లో కింద ఉప్పునీరు ఉంటుంది, దాని మీద వాన నీరు తేలి ఉంటుంది. లోతుగా బావి తీస్తే ఉప్పునీళ్లు పడతాయి. అందుకని తక్కువ లోతులో గుంట తీసి, పైనున్న తియ్యటి నీళ్లనే కడవలతో ముంచి నారుమళ్లకి, కూరగాయల మళ్లకి పోసేవాళ్లు. ఆ గుంటే దొరువు. అది బావిలా నిట్టనిలువుగా ఉండదు. పళ్లెంలా విచ్చుకుని ఉంటుంది. రెండు చేతుల్లో రెండు కడవలతో మనిషి నడుచుకుంటూ దిగి, నడుచుకుంటూ ఎక్కేంత ఏటవాలు. నాలుగడుగుల లోతున్న నీళ్ల కోసం చుట్టూ అంత నేల ఎందుకు పాడుచేస్తారని చిన్నప్పుడు మా తాతని అడిగాను. "ఇసుక ఎంత వాలు అడిగితే అంత ఇవ్వాల్రా. మనం ఇవ్వకపోతే అదే తీసుకుంటుంది" అన్నాడు. ఆ మాట అప్పుడు అర్థం కాలేదు.

రాయలసీమ, తెలంగాణ వాళ్లకైతే చెలమ గుర్తుకు తెచ్చుకోమంటాను. ఎండిన ఏట్లో నీళ్ల కోసం ఆడవాళ్లు చెలమ తీసేటప్పుడు చూడండి. లోతుకి దిగేకొద్దీ పక్కలకి వెడల్పు చేసుకుంటూ పోతారు. ఎవరూ నేర్పక్కర్లేదు, చెయ్యకపోతే పక్కలు జారి తీసిన గుంట పూడిపోతుంది.

పొడి ఇసుకని కుప్ప పోస్తే దాని వాలు 30 నుంచి 35 డిగ్రీల దగ్గర ఆగుతుంది. అంతకంటే నిటారుగా ఉండమంటే ఉండదు. లెక్క ప్రకారం మీటరు లోతు గొయ్యికి ప్రతి వైపూ సుమారు మీటరున్నర వాలు కావాలి. అంటే మీ బాబు దిగి కూర్చున్న ఛాతీలోతు గొయ్యి తనంతట తాను క్షేమంగా నిలవాలంటే పైన మూడు మీటర్ల పైచిలుకు వెడల్పు ఉండాలి. మన ఇళ్లలో పిల్లల గది అంత. పిల్లలు తవ్వేది అలా ఉండదు కదా. రెండు మూడు అడుగుల వెడల్పు, గోడలు నిలువు. లోతు ఎక్కువైతే గొప్ప, వెడల్పు ఎక్కువైతే గొప్ప కాదు.

మరి నిలువు గోడ అసలెలా నిలబడింది? పడిపోవాలి కదా అంటారు. దానికి కారణం తడి.

సున్నుండలు చుట్టిన వాళ్లకి ఇది ఇట్టే తెలుస్తుంది. మినప్పిండిలో నెయ్యి వెయ్యకుండా ఉండ చుట్టండి, చేతిలోనే రాలిపోతుంది. సరిపడా నెయ్యి వేస్తే గట్టిగా నిలుస్తుంది. నెయ్యి మరీ ఎక్కువైతే పళ్లెంలో చతికిలబడుతుంది. ఇసుకకి నెయ్యి నీళ్లే. రేణువుకీ రేణువుకీ మధ్య సన్నని నీటి పొర ఉండి, దాని తలతన్యత రెండింటినీ దగ్గరికి లాగి పట్టుకుంటుంది. తడి స్టీలు పళ్లేలు ఒకదాని మీద ఒకటి పెడితే అతుక్కుపోతాయే, అదే సంగతి. నీరు ఆరిపోతే ఆ పట్టు పోతుంది. నీరు నిండిపోయినా పోతుంది. ఇసుకలో బంకమట్టిలా సొంత జిగురేమీ లేదు.

మీ వారిని ఒప్పించాలంటే ఇంట్లోనే చేసి చూపించండి. ఒక స్టీలు గ్లాసులో కొంచెం తడిపిన ఇసుక కూరి, పళ్లెంలో బోర్లించి గ్లాసు పైకి తియ్యండి. గ్లాసు ఆకారంలో నిలబడుతుంది, అంచు కూడా స్పష్టంగా వస్తుంది. దాన్ని అలాగే డాబా మీద ఎండలో పెట్టి వదిలెయ్యండి. కొన్ని గంటలయ్యాక వెళ్లి చూస్తే చూడ్డానికి అలాగే ఉంటుంది, రంగు మాత్రం తేలుతుంది. దగ్గరగా వంగి చూస్తే పై అంచు నుంచి నాలుగైదు రేణువులు వాటంతటవే రాలుతుంటాయి. ఇప్పుడు పళ్లెం పక్కన నేల మీద అరచేత్తో ఒక్కటి కొట్టండి. ఒక పక్క మొత్తం ఊడి కిందికొస్తుంది. బీచ్‌లో గొయ్యి గోడకి జరిగేది కూడా అంతే. ఎండా, సముద్రపు గాలీ గోడని ఆరబెడుతుంటాయి. పైన ఎవరో పిల్లాడు అంచు దాకా పరిగెత్తుకొచ్చి ఆగుతాడు. చాలు.

ఇక నాకు తగిలిన దెబ్బ. 2000ల మొదట్లో ఒక తీరగ్రామానికి పైపులైను వేస్తున్నాం. అయిదున్నర అడుగుల కందకం, ఇసుక నేల. పొద్దున్నే తవ్వాం, కింద కాస్త తడి ఉంది కాబట్టి గోడలు కత్తితో కోసినట్టు నిలబడ్డాయి. ఇలాంటి చోట గోడలకి చెక్కబల్లలు ఆనించి మధ్యలో అడ్డకర్రలు బిగించాలి, షోరింగ్ అంటాం. బల్లలు లారీలోనే ఉన్నాయి. సాయంత్రానికల్లా పైపు వేసి పూడ్చేస్తాం కదా అని నేనే దింపొద్దన్నాను. మధ్యాహ్నం అయ్యేసరికి కొబ్బరిచెట్ల నీడ పక్కకి పోయి పడమటి ఎండ ఒక గోడ మీద పడింది. ఆ గోడ మీంచి సన్నగా, ఉప్పు జల్లినట్టు ఇసుక రాలుతోంది. చూశాను. చూసి కూడా పట్టించుకోలేదు.

పెళ్ల విరిగిపడింది. పెద్ద చప్పుడేమీ రాలేదు, తట్టెడు ఇసుక ఎవరో కుమ్మరించినట్టు ఒక్క 'దబ్బు'. కందకంలో ఉన్న కుర్రాడు నడుం దాకా కూరుకుపోయాడు. వయసు పాతికలోపు, మంచి బలమైన మనిషి. నడుం దాకానే కదా అని నలుగురు చేతులు పట్టుకుని లాగారు. అంగుళం కదల్లేదు. "నడుం ఊడొస్తోంది, వదలండి" అని వాడు కేకలు. మా మేస్త్రీ పెద్దాయన పరిగెత్తుకొచ్చి అందర్నీ తిట్టి వెనక్కి తోశాడు. "లాగితే వచ్చే సరుకు కాదది, తవ్వండి. పార ముట్టుకోవద్దు, చేతుల్తో తీయండి" అన్నాడు. ఆరుగురు చేతులతో, తట్టలతో తీస్తుంటే తీసినంతా మళ్లీ జారి లోపలికే వచ్చేది. చివరికి లారీలోని బల్లలే తెచ్చి అడ్డం పెట్టి తీశాం. నలభై నిమిషాలు పట్టింది. కుర్రాడు బతికాడు. రెండు వారాలు ఒక కాలు తిమ్మిరిగా ఉందని కుంటుతూ వచ్చేవాడు. తర్వాత ఎప్పుడూ నేను బల్లలు లేకుండా ఇసుకలో మనిషిని దింపలేదు.

బరువు లెక్క కూడా చెప్తాను. తడి ఇసుక ఒక ఘనపు మీటరు దాదాపు 1,900 కిలోలు. ఇంట్లో వాడే 20 లీటర్ల నీళ్ల క్యాన్ ఉంటుంది చూడండి, అది నిండా తడి ఇసుక పోస్తే 38 కిలోలు. పిల్లల గొయ్యి ఒక పక్క కూలితే పావు ఘనపు మీటరు ఇసుక సునాయాసంగా వస్తుంది. అంటే దాదాపు తొమ్మిదిన్నర సిమెంటు బస్తాలు, ఒక్క క్షణంలో, పాతిక కిలోల పిల్లాడి మీద. మీ వారు మెత్తగా ఉంటుందన్నారు. పైన నడిస్తే మెత్తనే.

నడుం దాకా అయితే మా కుర్రాడిలా కేకలు వేయొచ్చు. ఛాతీ దాటిందంటే వ్యవహారం వేరు. తల బయటే ఉన్నా ప్రమాదమే, ఇది చాలామందికి తెలియదు. మనం ఊపిరి వదిలినప్పుడు ఛాతీ కాస్త కుంచించుకుంటుంది. ఆ కాస్త చోటులోకి ఇసుక జారి కూర్చుంటుంది. మళ్లీ పీల్చుదామంటే ఛాతీ తిరిగి వ్యాకోచించలేదు. ఇంకోసారి వదిలితే ఇంకొంచెం బిగుస్తుంది. పిల్లల పక్కటెముకలు మెత్తన కాబట్టి ఇంకా త్వరగా అలిసిపోతారు. తల కూడా మునిగితే ముక్కులో, నోట్లో ఇసుకే. ఊపిరి అందకపోతే నాలుగు నుంచి ఆరు నిమిషాల్లో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఆరుగురు పెద్దవాళ్లం, పనివాళ్లం, నడుం దాకా ఇసుక తియ్యడానికి మాకు నలభై నిమిషాలు పట్టింది. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

ఇదంతా ఎక్కడో అరుదుగా జరిగే సంగతే అనిపించొచ్చు. అరుదే. కానీ జరిగినప్పుడు చాలావరకు ప్రాణం మీదికే వస్తుంది. అమెరికాలో డాక్టర్ బ్రాడ్లీ మారన్, ఆయన తండ్రి బ్యారీ మారన్ కలిసి ఈ ప్రమాదాలని లెక్కగట్టి 2007లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రాశారు. అంతకుముందు పదేళ్లలో అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో వాళ్లకి దొరికిన కేసులు 52. అందులో 31 మంది చనిపోయారు. వయసు 3 నుంచి 21 ఏళ్లు, సగటు 12. నూటికి 87 మంది మగపిల్లలు. గోతుల లోతు 2 అడుగుల నుంచి 12 అడుగుల దాకా. రెండడుగులు అన్నచోట ఒక్కసారి ఆగండి, అది మోకాలు దాటి కొంచెం పైకి, అంతే. 1990 నుంచి 2006 దాకా అమెరికాలో ఇసుక గోతుల్లో పోయినవాళ్లు 16 మంది, షార్క్‌లు చంపింది 12 మందిని అని కూడా వాళ్లే చెప్పారు. షార్క్ అంటే బీచ్ అంతా ఖాళీ అవుతుంది. గొయ్యి తవ్వుతుంటే మనం పక్కన నిలబడి ఫోటో తీస్తాం.

న్యూజెర్సీ, ఫ్లోరిడాల్లో ఉండే మనవాళ్లు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి రెండు సంగతులు. 2022 మే నెలలో న్యూజెర్సీలోని టామ్స్ రివర్ దగ్గర బీచ్‌లో అన్నాచెల్లెళ్లు ఫ్రిస్బీలతో గొయ్యి తవ్వారు, సుమారు పదడుగులు. కూలింది. 17 ఏళ్ల చెల్లెల్ని బయటికి తీయగలిగారు, 18 ఏళ్ల అన్న దక్కలేదు. చిన్నపిల్లలేం కాదు, గమనించండి. 2024 ఫిబ్రవరి 20న ఫ్లోరిడాలో లాడర్‌డేల్ బై ది సీ అనే ఊరి బీచ్‌లో అయిదారు అడుగుల గొయ్యి అన్నాచెల్లెళ్ల మీద కూలింది. అబ్బాయి ఛాతీ దాకా కూరుకున్నాడు, ఏడేళ్ల పాప పూర్తిగా కిందకి పోయింది. బీచ్‌లో ఉన్న ఇరవై మంది దాకా చేతులతో, పిల్లల ప్లాస్టిక్ బకెట్లతో తవ్వారు. తీసినకొద్దీ ఇసుక లోపలికే జారింది. పాప బతకలేదు. ఆ బీచ్‌లో లైఫ్‌గార్డులు లేరు.

మన బీచ్‌లలో లైఫ్‌గార్డో, గజ ఈతగాడో, పోలీసో ఉన్నా వాళ్ల చూపు అలల మీద ఉంటుంది. ఉండాల్సింది కూడా అక్కడే, ఎక్కువమంది పోయేది నీళ్లలోనే. కాకపోతే మనం కూడా అటే చూస్తాం. పిల్లలు ఇసుకలో ఆడుకుంటున్నారంటే హమ్మయ్య అనుకుని బజ్జీలు తెచ్చుకోవడానికి వెళ్తాం. ఇసుక కూలితే కేక ఉండదు. పైన చూస్తే గొయ్యి కూడా కనపడదు, చిన్న పల్లం తప్ప. ఎక్కడ తవ్వారో, పిల్లాడు ఎటు పక్క ఉన్నాడో రెండు నిమిషాల క్రితం చూసినవాళ్లు కూడా చెప్పలేరు.

గొయ్యిని కూల్చేవి ఏమిటంటే, ఎండకి ఆరడం ముందే చెప్పాను. రెండోది, తవ్విన ఇసుకని అంచు మీదే గుట్టగా పోయడం. కోటగోడలా బాగుంటుందని పిల్లలకి అదే ఇష్టం. లోతు పెరిగినట్టూ కనిపిస్తుంది. ఆ గుట్ట బరువంతా గోడ మీద పడుతుంది. అమెరికా కార్మిక భద్రతా నిబంధనల్లో తవ్విన మట్టిని కందకం అంచుకి కనీసం 2 అడుగుల దూరంలో వెయ్యాలని, 5 అడుగులు దాటితే వాలు గానీ షోరింగ్ గానీ లేకుండా మనిషి దిగకూడదని ఉంది. అది పెద్దవాళ్ల ఎత్తుకి పెట్టిన లెక్క. నాలుగడుగుల పిల్లాడికి అది ఎంతవుతుందో మీరే చూసుకోండి.

మూడోది నీరు పడటం. పిల్లలు "నీళ్లొచ్చాయి!" అని గంతులేసే క్షణం ఇది. అడుగున నీరు ఊరితే గోడ పాదం దగ్గర ఇసుక నానిపోయి లోపలికి కారుతుంది, పై గోడ కింద బోలుగా అవుతుంది. దొరువు తీసేవాళ్లు నీరు పడగానే లోతు ఆపి వెడల్పు మీద పడేది ఇందుకే.

అన్నిటికంటే ఘోరమైంది సొరంగం. రెండు గోతులు తవ్వి మధ్యలో కలపడం, గోడకి అడ్డంగా గుహ తవ్వి తల దూర్చడం. చిన్నప్పుడు నేనూ మా పిన్ని కొడుకూ ఇసుక దిబ్బలో చేసిన పనే ఇది. వాడు బోర్లా పడుకుని లోపలికి తల పెట్టగానే పైకప్పు కూర్చుంది. మోకాళ్ల కింది కాళ్లు మాత్రం బయట ఉన్నాయి. అదృష్టం కొద్దీ పైన ఇసుక తక్కువ, నేను కాళ్లు పట్టుకుని లాగితే వచ్చాడు. నోట్లో ఇసుక ఉమ్ముకుంటూ ఇద్దరం నవ్వుకున్నాం, ఇంట్లో చెప్పలేదు. వాడిప్పుడు తాతయ్యాడు. ఆ సంగతి ఎత్తితే మాత్రం ఇప్పటికీ నవ్వడు.

ఇంతకీ మీ ప్రశ్నకి కొలత చెప్పాలి. విదేశాల్లో లైఫ్‌గార్డు సంఘాలు చెప్పేది, నేనూ ఒప్పుకునేది ఒక్కటే: గుంపులో అందరికంటే పొట్టి పిల్లాడి మోకాలు దాటి లోతు వద్దు. పెద్దవాడి మోకాలు కాదు. మీ బాబు గుంపులో నాలుగేళ్ల చెల్లెలు ఉంటే దాని మోకాలే కొలబద్ద, ఎందుకంటే చివరికి గోతిలోకి దూకేది అదే. సొరంగాలు ఎంత చిన్నవైనా వద్దు. నిలబెట్టి మెడదాకా పూడ్చి ఫోటోలు తీయడం కూడా వద్దు. పడుకోబెట్టి కాళ్ల మీద, పొట్ట మీద బెత్తెడు ఇసుక కప్పుకోవడం వేరు, అది లేచి దులుపుకుంటే పోతుంది. నిలువు గోతిలో దింపి చుట్టూ కూరడం వేరు. ఇంకెవరో తవ్వి వదిలేసిన గోతుల్లోకి దిగనివ్వకండి. అవి అప్పటికే గంటలకొద్దీ ఎండలో ఆరి ఉంటాయి.

ఇక జరగకూడనిది జరిగితే. ఇది మాత్రం మీ వారితో కలిసి ఇప్పుడే చదువుకోండి, అక్కడ ఆలోచించే టైమ్ ఉండదు.

మొదట, చివరిసారి పిల్లాడు కనపడిన చోటు మీద నుంచి చూపు తిప్పకండి. ఒక చెప్పో, తువ్వాలో అక్కడ పడెయ్యండి. ఒకరికి పేరు పెట్టి చెప్పండి, 108కి గానీ 112కి గానీ ఫోన్ చెయ్యమని. "ఎవరైనా చెయ్యండి" అంటే ఎవరూ చెయ్యరు. గోతిలో ఎంతమంది ఉన్నారో మిగతా పిల్లల్ని అడగండి. సగం కూరుకుని ఏడుస్తున్నవాడి చుట్టూ అందరూ మూగుతారు, పూర్తిగా కిందకి పోయినవాడు మరుగున పడతాడు.

తర్వాత జనాన్ని వెనక్కి పంపాలి. చెప్పినంత సులువు కాదు. అందరూ అంచుకే వస్తారు, వాళ్ల బరువుకి ఇంకో పక్క కూలుతుంది. తవ్వే నలుగురైదుగురు తప్ప మిగతావాళ్లు కనీసం నాలుగైదు గజాల అవతల ఉండాలి. తవ్వేవాళ్లు నిలబడకుండా మోకాళ్ల మీద గానీ బోర్లా గానీ ఉండాలి. మోకాళ్ల కింద, అంచు మీద ఏదైనా పలక వేస్తే బరువు పరుచుకుంటుంది. పడవ చెక్క, బజ్జీల బండి మీద ప్లైవుడ్, ఐస్ పెట్టె మూత, ఏది దొరికితే అది.

చేతులతో, పళ్లేలతో, బకెట్లతో తియ్యండి. పార, గునపం దగ్గరికి రానివ్వకండి, తల ఎక్కడుందో తెలియదు. జేసీబీ అసలే వద్దు. తీసిన ఇసుకని పక్కన వెయ్యకుండా వెనకవాళ్లకి అందించాలి, వాళ్లు దూరంగా పోయాలి. లేకపోతే పోసిందే మళ్లీ లోపలికొస్తుంది. ముందు ముఖం, వెంటనే ఛాతీ, వీపు. ముఖం దొరికిందని ఆగకండి, ఛాతీ విడిపించేదాకా ఊపిరి ఆడదు. చేతులు పట్టి లాగొద్దు, మా కుర్రాడి సంగతి చెప్పాను కదా.

బయటికి తీశాక నోట్లో, ముక్కులో కనపడే ఇసుక వేలితో తీసెయ్యండి. ఊపిరి లేకపోతే సీపీఆర్ మొదలుపెట్టాలి, 30 సార్లు ఛాతీ నొక్కడం, 2 సార్లు నోటి ద్వారా ఊపిరి ఊదడం, అంబులెన్స్ వచ్చేదాకా ఆపకుండా. ఊపిరాడక ఆగిన ప్రాణం కాబట్టి ఊదడం మానొద్దు. పిల్లాడు లేచి కూర్చుని బాగానే మాట్లాడినా సరే, ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఊపిరితిత్తుల్లోకి ఇసుక పోయిందో లేదో మనకి పైకి తెలియదు. సీపీఆర్ చదివితే వచ్చేది కాదు, ఎక్కడైనా ఒక పూట నేర్చుకోండి. నేను యాభై దాటాక నేర్చుకున్నాను, ఇంకా ముందే నేర్చుకోవాల్సింది.

సముద్రం లేని ఊళ్లవాళ్లు ఇది మనకి కాదనుకోవద్దు. ఇల్లు కట్టేచోట వీధిలో పోసిన ఇసుక కుప్ప ఉంటుంది. అడుగున తడిగా, పైన పొడిగా, పిల్లలు గుహ తవ్వడానికి సరిగ్గా కుదిరినట్టు. మేస్త్రీలు అడుగు నుంచే తట్టలతో తోడుకుపోతారు కాబట్టి ఒక పక్క నిలువు గోడ కూడా తయారుగా ఉంటుంది. కుప్పని రోజూ సాయంత్రం పారతో చదును చేయించమని మేస్త్రీకి చెప్పండి, అయిదు నిమిషాల పని. ఇక గోదావరి, మానేరు లాంటి నదుల్లో ఇసుక తోడిన గోతులు వేరే కథ, అక్కడ నీళ్ల కింద లోతు కనపడక మునిగిపోతారు. దాని మీద ఇంకోసారి రాస్తాను.

పిల్లల్ని తవ్వొద్దని మాత్రం అనకండి. తవ్వకుండా ఉండే పిల్లాడూ లేడు, ఉంటే వాడికి ఒంట్లో బాగోలేదని అర్థం. మీ వారికే పని పెట్టండి. దొరువు తీయడం నేర్పించమనండి. ఎవరు ఎక్కువ లోతు తీస్తారని కాకుండా, ఎవరి దొరువులోకి బకెట్ పట్టుకుని చేతులు ఆనించకుండా నడిచి దిగొచ్చు, నడిచి ఎక్కొచ్చు అని పందెం పెట్టమనండి. అల తడిపి వెళ్లే గీతకి కాస్త పైన తవ్వితే మోకాలి లోతు లోపే నీరు ఊరే అవకాశం ఎక్కువ, కాబట్టి వాళ్ల సరదా ఏమీ తగ్గదు. మా మనవలతో ఇదే చేయిస్తాను. రెండు గంటలు ఆడతారు, పెద్దవాళ్లం కూడా దిగుతాం.

బయల్దేరే ముందు దొరువు పూడ్చి, కాలితో తొక్కి రండి. చీకట్లో ఎవరి కాలో పడి విరగకుండా ఉంటుంది. ఇంకో కారణం కూడా ఉంది. మీరు వెళ్లేది జనవరిలో. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన తీరం ఎక్కే కాలం అప్పుడే మొదలవుతుంది. రాత్రిపూట వస్తాయి, గోతిలో పడితే వెనక్కి ఎక్కలేవు.